మేకుకు వేలాడే ఏప్రన్

కోట నుంచి గూడూరు వెళ్లే బస్సులో, పాపను ఒళ్లో పడుకోబెట్టుకుని మా ఆయనతో ఫోన్‌లో మాట్లాడుతున్నాను. "ప్రసూతి సెలవు అయ్యాక రాకపోవచ్చని ఆఫీసులో ఇప్పుడే చెప్పేస్తాను. దాచిపెడితే మోసం చేసినట్టుంటుంది," అన్నాను.

ఫోన్ పెట్టేయగానే పక్కసీటులో ఆమె నా వైపు తిరిగింది. ఆమె వేళ్లు ఐసులో నాని పాలిపోయి ఉన్నాయి.

"ఆఫీసులో చెప్పేసినావామ్మా?"

"ఇంకా లేదక్కా."

ఆమె రొయ్యలు ఒలిచే షెడ్డులో పనిచేస్తుందట. అక్కడ కాన్పుకు వెళ్లేవాళ్లు తమ ఏప్రన్‌ను గోడమేకుకే వదిలి వెళతారు. అది అక్కడున్నంత కాలం బల్ల దగ్గర ఆ చోటు వాళ్లదే.

"నేను పెద్ద నీతిమంతురాలి మాదిరి దాన్ని తీసి మేస్త్రీ చేతిలో పెట్టేసినా. బిడ్డను చూసుకోవాల, ఇంక రానని చెప్పేసినా," అని నవ్వింది.

"బిడ్డ?"

"దక్కలా. నెల తిరక్కుండానే పోయినాడు. ఇంట్లో ఉండలేక షెడ్డుకు పోతే, నా మేకుకు ఇంకొకామె ఏప్రన్ ఉండాది. ఇప్పుడు వాళ్లు పిలిచిన రోజే నాకు పని."

ఆమె నా పాప పాదం పట్టుకోబోయి ఆగింది. చెయ్యి చీరకు రుద్దుకుంది. అయినా ముట్టుకోలేదు. చిల్లకూరులో దిగిపోయింది.

ఇంటికొచ్చాక ఆఫీసుకు రాసిన మెయిల్ రోజులు గడిచినా ఇంకా నా ఫోన్‌లోనే ఉంది. పంపుదామంటే ఆ మేకు గుర్తొస్తుంది. పంపకుండా ఉంచితే, పాప దక్కదేమోనని చోటు అట్టిపెట్టుకున్నట్టుంటుంది. ప్రతిసారీ ఫోన్ పక్కన పెట్టి, పాప ఊపిరి చూసుకుని వస్తాను.