అత్త ఎదురుచూసిన సముద్రపు పిట్ట

సముద్రం లేని ఊళ్ళో సముద్రపు పిట్ట కోసం రెండు రోజులు కాపలా కాసిన మనిషి మా అత్త ఒక్కతే అయ్యుంటుంది. డెబ్బైల్లో మేము ఒరిస్సాకి అవతల, హిందీ మాట్లాడే భుయ్యాడీహ్ బస్తీలో, సువర్ణరేఖ ఏటి గట్టుకి దగ్గర్లో ఉండేవాళ్ళం. మా ఆయనది కార్ఖానాలో పని. మరిది మాత్రం భీమిలి అవతల మా ఊళ్ళోనే ఉండి, పడవ మీద వేటకి వెళ్ళేవాడు.

ఒక ఏడాది తుపాను వచ్చింది. తీరం దాటిందని రేడియో హిందీలో చెప్పింది గానీ, ఎక్కడ దాటిందో చెప్పేలోపు గరగరమని ఆగిపోయింది. మా ఊరి మీద దాటిందా, ఒరిస్సా మీదా? మాకు తెలియలేదు. అత్తకి తన లెక్క తనకుంది. గాలి ఎటు దాటితే నడిసముద్రపు పిట్టలు అటు కొట్టుకొస్తాయి. వెనకొకసారి ఈ ఏటి మీదే చూసిందట.

“నల్లగుంటాది. బారెడు రెక్కలు, సీలిన తోక. అదిక్కడ కనబడితే గాలి ఇటేపు దాటినట్టే, మనూరి మీద కాదు. మనోడు బతికినట్టే,” అంది.

గోనెసంచి నెత్తిన కప్పుకుని వానలో గట్టు మీద కూర్చుంది. పిట్ట కనబడేదాకా మెతుకు ముట్టనంది. మా ఇళ్ళల్లో అత్త తినకుండా కోడలు కంచం ముందు కూర్చోదు. రెండో రోజు మధ్యాహ్నానికి నాకు కళ్ళు తిరిగాయి, ఒళ్ళు మండింది. ఆవిడ కొడుక్కోసం నా కడుపెందుకు మాడాలి అనుకున్నాను. రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ అనుకున్నాను.

నీళ్ళకని ఒంపు దాకా వెళ్ళి, పరిగెత్తుకొచ్చాను.

“సూసేనత్తా! నల్లగా, నువ్వు సెప్పినట్టే!”

“ఎక్కడే?”

“ఆ ఒంపు కాడ, నీల్ల మీద కూకున్నాది. నన్ను సూసి ఎగిరిపోనాది.”

అత్త నా మొహంలోకి కాసేపు చూసింది. “పద, కూడెట్టు,” అని లేచింది. ఇద్దరం తిన్నాం. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

ఆరో రోజు టెలిగ్రాం వచ్చింది. తుపాను మా ఊరి మీదే దాటింది. మరిది పడవ తిరిగి రాలేదు, శవం కూడా దొరకలేదు.

అత్త కాళ్ళ మీద పడ్డాను. ఏ పిట్టనీ చూడలేదని చెప్పి ఏడ్చాను. ఆవిడ నన్ను లేపి, చెంగుతో నా మొహం తుడిచింది.

“తెలుసునే. ఆ పిట్ట నీల్ల మీద కూకోదు. రెక్కలు తడిస్తే మరి లెగనేదు. నీకు ఆకలేత్తందని లేసేను.”