అవతలి ఒడ్డున మనవరాలు

అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. గవర్నరు కొత్త మంత్రుల చేత ప్రమాణం చేయించిన మర్నాడు బందరులో అవనిగడ్డ బస్సెక్కాను. బస్సంతా ఆ జాబితా గురించే మాట్లాడుకుంటున్నారు.

"మన జిల్లాకి మళ్లీ చెయ్యిచ్చారు బావా!"

"నీకివ్వలేదనా నీ ఏడుపు?"

పదవులకు కులం కాక అర్హతే కొలమానం కావాలనీ, మంత్రి పెట్టే తొలి సంతకమే ప్రభుత్వం దేనికి ప్రాధాన్యమిస్తుందో చాటుతుందనీ నేను వక్తృత్వ పోటీల్లో మాట్లాడినట్టే వాదించాను. నా పక్కన కూర్చున్న పెద్దావిడ అంతా విని అడిగింది.

"వంతెనలు చూసే మంత్రి ఎవరు బాబూ?"

పేరు చెప్పి, ఎందుకని అడిగాను.

"మా అమ్మాయిని ఏటి మధ్య లంకలోకిచ్చాం. మొదటి కానుపు నా దగ్గరే అయింది. రెండోది అత్తారింట్లో. పిల్లని చూద్దామని పోయినవారం వెళ్తే, గాలెక్కువైందని ఏరు దాటించే పంటు ఆపేశారు. నేనీ ఒడ్డున, అది ఆ ఒడ్డున. పిల్లని పైకెత్తి చూపించింది. ఇదిగో, ఇలాగ."

ఖాళీ చేతులు రెండూ తలపైకెత్తింది.

"మొహం కనిపించిందా అమ్మా?"

"ఎక్కడ బాబూ! ఎర్రగుడ్డలో చుట్టిందని మాత్రం తెలిసింది." చేతులు మెల్లగా దించుకుంది. "ఆయన వంతెన వేస్తాడంటావా?"

"వెయ్యాలమ్మా."

"వెయ్యాలనే అందరూ అంటారు."



రేవు దారి దగ్గర బస్సు ఆగింది. ఆమె మెట్టు మీదే నిలబడి ముందు చెట్ల వైపు చూసింది. గాలికి తాటాకులు గట్టిగా కొట్టుకుంటున్నాయి. అయినా దిగి, రేవు వైపే నడిచింది.