తెర పక్కన ఆడిన ఆట

ప్రొద్దుటూరులో మా నాట్యం మాస్టారు పిల్లలందరి చేతులూ తన చేత్తో సరిచేసేవారు. నా మోచెయ్యి కిందికి దిగితే మాత్రం తాళం వేసే కర్రతో పైకెత్తేవారు. ఆయనది పూజారుల ఇల్లు. మేం మాలపల్లెలో మిషన్ చర్చికి పోయేవాళ్ళం. నన్ను ముట్టుకుంటే ఆయనకేం అంటుకుంటుందట? ఒళ్ళు మండిపోయేది. అయినా మానలేదు, ఆటంటే నాకంత పిచ్చి.

నా పదమూడో ఏట పార్టీ సభలో మా క్లాసు పిల్లల నాట్యం పెట్టారు. జమ్మలమడుగు వైపు నాయకుడొకాయన వస్తున్నాడు. ఆయన జీపులు బజారులో ఆగితే చాలు, అంగళ్ళ షట్టర్లు దిగిపోయే రోజులవి. ముందు వరుసలో నన్నే నిలబెడతానని మాస్టారు మాటిచ్చారు. బడిలో టీచరు పని చేసే మా అమ్మ, తన పెళ్ళినాటి తెల్ల పట్టుచీర చింపి నాకు డ్రెస్సు కుట్టించింది.

సభకు ముందురోజు మాస్టారు నన్ను పక్కకు పిలిచారు.

"ముందు వరుసలో నాయకుడుగారి పాప ఆడుతుంది. ఆ పాపకు అడుగులు సరిగా రావు. నువ్వు తెర పక్కన, జనానికి కనపడకుండా ఆడు. నిన్ను చూసి ఆడేస్తుంది."

"నేను స్టేజీ ఎక్కనా సార్?"

"దేవుడి పాట కదమ్మా" అన్నారు, నా మొహం చూడకుండా.

నేను పోనంటే పోనని ఇంట్లో ఏడ్చాను. "పోకుంటే ఆ జీపులాయప్ప ఊరుకుంటాడా? గమ్మున ఆడి రా మే" అంది అమ్మ.

సభలో తెర చాటున ఆడుతున్నాను. పాప నన్నే చూస్తూ ఆడుతోంది. జనం ఈలలు, చప్పట్లు. ఎవరి ఆటకు ఎవరికి చప్పట్లు? తిక్క రేగి ఆగిపోయాను. కావాలనే ఆగాను.

పాపా ఆగింది. అంతమందిలో నా వైపు తిరిగి, "ఆపినావేందిమే? నాకు రాదు, ఈడికొచ్చి ఆడు!" అని అరిచింది.

వెళ్ళి పక్కన నిలబడ్డాను. మాస్టారి చేతిలో తాళం కర్ర ఆగిపోయింది. నాయకుడు కుర్చీలోంచి లేవకుండానే, "ఏం సారూ, ఆపినావు? కొట్టప్పా" అన్నాడు. ఆయన వెనకున్న మనుషులు లేచి నిలబడ్డారు. మాస్టారి మొహం పాలిపోయింది. కర్ర మళ్ళీ మోగింది.

కసిగా ఆడాను. గెలిచాననే అనుకున్నాను.

దిగాక నాయకుడు అమ్మను పిలిపించాడు.

"శానా బాగా ఆడతాదే నీ బిడ్డ! ఇంగ ఈడ క్లాసులొద్దులే టీచరమ్మా. మా ఇంట్లో పెట్టు. పాపకు ఆట నేర్పుకుంటా, ఆ పనీ ఈ పనీ చేసుకుంటా ఉంటాది."

"నేను రాను" అనబోయాను. అమ్మ చెయ్యి నా నోటిమీద పడింది.

"అట్లేనన్నా, పంపిస్తా" అంది అమ్మ.

ఆ చేతిని కొరికేయాలనిపించింది. ఆయన జీపులు వెళ్ళిపోయేదాకా అమ్మ దాన్ని తియ్యలేదు.