అమ్మ పెట్టిన నాలుగో అర్జీ

మా చిన్నప్పుడు, అంటే నేను ఏడో తరగతిల ఉన్నప్పటి ముచ్చట... తార్నాకల ఒక్క అర్ర ఇంట్ల కిరాయికి ఉండేటోళ్లం. మా అమ్మ యూనివర్సిటీ లేడీస్ హాస్టల్ మెస్సుల వంట చేసేది. అన్నీ కట్టెల పొయ్యిలు... పొద్దుగాల అయిదింటికి పోయి మధ్యాహ్నం వచ్చేది. వచ్చి కడప మీద కూసొని దగ్గుడే దగ్గుడు.

పొగల ఉండొద్దని డాక్టర్ గట్టిగనే చెప్పిండు. ఉండకుంటే ఎట్ల? ఇంట్ల సంపాదించేది ఆమె ఒక్కతే. అందుకే పని మార్చుమని ఆఫీసుల అర్జీ పెట్టుకున్నది. ఒకటి గాదు, ఏడాదికొకటి చొప్పున మూడు... జవాబే లేదు.

నాకు మండింది. మూడో అర్జీ నకలు తీసి చదివిన. టైపు మిషన్ కాడ కూసునే ఒక పెద్దమనిషి రాసిచ్చిండు. "ఐ మోస్ట్ హంబ్లీ బెగ్ టు స్టేట్..." అని మొదలు, "కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్" అని ఆఖరు. నడుమ అంత దండాలే. ఇంగ్లిష్ మీడియం పిల్లను, నాకే ఒక్క ముక్క ఎక్కలే.

మా పై వాటాల గుంటూరు దిక్కు నుంచి వచ్చిన రూతు టీచర్ ఉండేది, బడిల ఇంగ్లిష్ చెప్పేది. ఆమెకు సూపెట్టిన. రెండుసార్లు చదివింది.

"మీ అమ్మకి ఏం కావాలో ఇందులో ఎక్కడుందమ్మాయ్?" అన్నది.

"నేనే మంచిగ రాస్త టీచర్" అన్న.

"రాయి. ముందు మీ అమ్మని అడుగు."

అమ్మ బియ్యం ఏరుతుంటే ముందల కూసున్న. అర్జీలు తీసుకునే ఆఫీసు సార్ ఎదురుంగ ఉన్నడనుకొని చెప్పమన్న. చాట పక్కన పెట్టి అన్నది, "సార్, పొయ్యికాడ ఊపిరి ఆడ్తలేదు. ఇంకేదన్న పని ఇయ్యిండ్రి, చేస్త."

గదే ఇంగ్లిష్‌ల పెట్టబోయిన. "బ్రెత్ ఈజ్ నాట్ కమింగ్ టు మీ ఎట్ స్టవ్ సైడ్" అని రాస్తే, అట్లా ఎవరూ అనరమ్మాయ్ అని టీచర్ కొట్టేసింది. మళ్ల రాసిన, మళ్ల కొట్టేసింది. అన్నం తినకుండ పట్టుబట్టి రాసిన. సాయంత్రానికి నిలబడ్డది. "ఐ కాంట్ బ్రీద్ నియర్ ది స్టవ్. ప్లీజ్ గివ్ మీ ఎనీ అదర్ వర్క్." రెండే వాక్యాలు.

అర్థం చెప్తే అమ్మకు బుగులు పుట్టింది. "గింత సీదా రాస్తే ఎట్ల బిడ్డా? సార్‌కు కోపమొస్తే ఉన్న పని గూడ పోతది. రెండు దండాలన్న పెట్టు." నేను పెట్టలే. మొండిదాన్ని... ఇప్పటికీ గంతే. లోపల మాత్రం నాకూ భయమే. పని పోతే పాపం నాదే గదా.

తెల్లారి బడి ఎగ్గొట్టి అమ్మ ఎంబడి ఆఫీసుకు పోయిన. సార్ నిలబడే చదివిండు, తలెత్తి మొదటిసారి అమ్మ మొఖం దిక్కు జూసిండు.

"ఎప్పటిసంది ఇట్లున్నది?"

"మూడేండ్లాయె సార్."

"మరి మూడేండ్లు చెప్పకుండ ఏం జేసినవమ్మా?"

అమ్మ నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. "చెప్తనే ఉన్న గద సార్" అన్నది మెల్లగ... నాకు ఏడుపాగలే.

ఆయన చెడ్డోడు గాదు. వారం తిరగకముందే గదులు ఊడ్సే పనికి మార్చిండు. కానీ ఆ మూడేండ్ల పొగ ఎటు పోతది... ఇప్పటికీ చలికాలమొస్తే అమ్మ ఛాతిల పిల్లికూతలే.

ఇప్పుడు విద్యానగర్‌ల మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య ఫోన్ పట్టుకొని వస్తది, "మేడం, అప్లికేషన్ సక్కగున్నదా?" అని. ఫోన్ నిమిషంల రాసిస్తది, ఇంగ్లిష్ సక్కగనే ఉంటది. ఆమెకేం గావాల్నో అండ్ల ఉండదు. ఫోన్ పక్కన పెట్టిపిచ్చి అడుగుత... ఎంతసేపైనా సరే, ఆమె నోటితోని చెప్పేదాంక ఒక్క అక్షరం రాయనియ్య.

మీ ఇండ్లల్ల గూడ ఎవరి మాటన్న గిట్ల దండాల కింద పడి పోయిందా? రాయుండ్రి... వంకర టింకర ఉన్నా ఏంగాదు, నేను చదువుత.