ఫిట్టు కాగితం

మా ఊళ్లో 'ఫిట్' అనేది శుభమైన మాట కాదు.

గోదావరిఖనిలో పుట్టినవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. మిగిలినవాళ్లకు చెబుతాను. బొగ్గుబాయిలో పనిచేసే మనిషి జబ్బు పడితే 'సిక్కు' పెట్టి నాలుగు రోజులు ఇంట్లో పడుకుంటాడు. ఐదోరోజు డాక్టరు 'ఫిట్' అని రాశాడంటే ఆ సుఖం తీరిపోయినట్టే, మళ్లీ షిఫ్టుకు పోవాలి. అదే కంపెనీ మెడికల్ బోర్డు డాక్టర్లు 'అన్‌ఫిట్' అని రాస్తే ఇక బాయి దిగే పని ఉండదు, ఆ ఉద్యోగం ఇంట్లో పిల్లలకు వస్తుంది. అందుకే మా గల్లీలో ఎవరైనా అన్‌ఫిట్ అయితే ఇంటింటికీ స్వీట్లు పంచుతారు. ఫిట్ అయి తిరిగొస్తే పరామర్శకు పోతారు.

మా బాపు అన్‌ఫిట్ అయి అప్పటికి ఆరేళ్లు. ఇరవై తొమ్మిదేళ్లు బాయిలో బొగ్గు ఎత్తి, దగ్గుకుంటూ బోర్డు ముందు నిలబడ్డాడు. వాళ్లు కాగితం చేతిలో పెట్టారు, మా అన్నకు ఉద్యోగం వచ్చింది. ఇక గల్లీ అంతా ఒకటే మాట, "ఏం ఆక్టింగ్ జేసినవే కాకా!" అని. బాపు ఏనాడూ కాదనలేదు. ఆ పేరును హాయిగా అనుభవించాడు కూడా. బోర్డుకు పోయేవాళ్లు ముందుగా మా గడపలోకి వచ్చి సలహా అడిగేవాళ్లు. "గట్టిగ దగ్గద్దురా. గట్టిగ దగ్గితె దొంగ దగ్గు అనుకుంటరు. ఆపుకున్నట్టు దగ్గాలె" అని చేసి చూపించేవాడు. మేం పొట్ట పట్టుకొని నవ్వేవాళ్లం. చుట్టాలొస్తే నేనే "బాపూ, ఒక్కసారి బోర్డు దగ్గు దగ్గవా" అని అడిగి మరీ దగ్గించేదాన్ని.

అలాంటి ఇంట్లో ఉండగా, ఎనిమిదో నెల కడుపుతో, నాకు ఫిట్ అని రాసిన కాగితం అవసరం పడింది.

ఢిల్లీలో ఇంటర్వ్యూ. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. రాతపరీక్ష మూడుసార్లు రాస్తే మూడోసారికి గట్టెక్కాను. ఆ ఏడాది దాటితే నా వయసు దాటిపోతుంది, మళ్లీ రాయడానికి ఉండదు. రైల్లో పోదామంటే ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం, పైగా బెర్తు లేదు. విమానమైతే రెండు గంటల పైచిలుకు. కానీ అన్ని వారాల కడుపుతో ఎక్కాలంటే 'ఈమె ప్రయాణానికి ఫిట్' అని డాక్టరు రాసివ్వాలట, అదీ ప్రయాణానికి మూడు రోజుల లోపలే రాసింది కావాలట. మా ఆయన గోదావరి అవతల జైపూర్ కరెంటు ప్లాంటులో పనిచేస్తాడు. సరిగ్గా ఆ వారమే అక్కడ యూనిట్ ఆపి మరమ్మతులు పెట్టుకున్నారు, ఆయన కదలడానికి లేదు. "నేను తోలుకపోత" అన్నాడు బాపు. ఆయన కూడా అంతవరకు విమానం ముఖం చూడలేదు.

అవ్వ, అదే మా అమ్మ, ఒప్పుకోలేదు. కడుపుతో ఉన్న మనిషి ఏరు దాటకూడదని ఆమె పట్టు. "ఏడో నెల్ల పుట్టింటికి తెచ్చుటానికే గోదారి దాటిచ్చినం. దానికే ముడుపు గట్టిన. మళ్ల దాటుతదా?"

"కింది నుంచి పోతెనే దాటినట్టు. పైనుంచి పోయేదాన్ని గోదారి సూడను గూడ సూడది" అని తీర్పు చెప్పాడు బాపు.

పక్కింటి అత్త ఊరుకుంటుందా! "విమానం పైకి లేసేటప్పుడు పిల్ల కిందికి జారుతదటనే" అంది.

"దిగేటప్పుడు మళ్ల పైకెక్కుతది గదా అత్తా, సరికి సరి" అన్నాను. ఆమె మూతి ముడుచుకొని వెళ్లిపోయింది. వారం దాకా మా ఇంటికి రాలేదు, ఆ వారం మా చక్కెర మాకే మిగిలింది.

సోమవారం నన్ను దవాఖానకు తీసుకుపోయాడు బాపు. గురువారం ప్రయాణం. ఆటోలో దారి పొడుగునా ఏదో గొణుగుతూనే ఉన్నాడు. "డాక్టరమ్మ అడగంగనే జవాబియ్యకు. జర ఆగి, ఊపిరి దీసుకొని చెప్పు. నడుము మీద చెయ్యి వెట్టు." నాకు ఇంటర్వ్యూ ప్రశ్నల ధ్యాస, సరిగ్గా వినలేదు. విని ఉంటే ఆటో అక్కడే ఆపేసేదాన్ని.

లోపలికి పోయాం. డాక్టరమ్మ నా చీటీ చూసి "ఎలా ఉందమ్మా?" అంది. నేను నోరు తెరిచేలోపే బాపు అందుకున్నాడు.

"ఏం జెప్పాలె మేడం. రాత్రి కన్ను మూతవడదు. కాళ్లు ఉబ్బుతయి. రెండడుగులేస్తె దమ్ము వస్తది. మెట్లెక్కితె కండ్లు తిరుగుతయి. మనిషైతె కనవడుతది గని, లోపల ఏం లేదు."

ఆమె పెన్ను కింద పెట్టేసింది. "ఇన్ని ఉంటే విమానం ఎందుకండీ? అడ్మిట్ చేసేద్దాం."

బాపు ముఖం వెలిగిపోయింది. నా వైపు వంగి "పనైపోయింది బిడ్డా, రాస్తది ఇగ" అన్నాడు చెవిలో.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బల్ల కింద ఆయన తొడ మీద గట్టిగా గిల్లాను. "బాపూ! మనకు కావాల్సింది ఫిట్టు! ఫిట్టు!"

అంత పెద్ద మనిషి బిక్కచచ్చిపోయాడు. పాపం, ఆయన ఎరిగిన లోకంలో డాక్టరు దగ్గర కాగితం మూలిగితేనే వస్తుంది. నవ్వుతూ వచ్చే కాగితం కూడా ఒకటుంటుందని ఆయనకు తట్టలేదు. వెంటనే సర్దబోయాడు. "అంటె మేడం, అవన్ని నిన్నటిదాక. ఇయ్యాల గుర్రమే. ఉరికిచ్చి సూడుండ్రి కావాల్నంటె."

డాక్టరమ్మ ఉరికించలేదు గాని బీపీ చూసింది. కోపానికి అది కాస్తా పైన ఉంది. ఇంకేం, రక్తం, మూత్రం, స్కానింగు, మూడు గంటలు కూర్చోబెట్టింది. అన్నీ బాగున్నాయి, బీపీ ఒక్కటే బాగాలేదు. "బుధవారం రండి. అప్పటికి దిగితే రాస్తాను. దిగకపోతే నేను రాయను, మీరు అడగవద్దు" అంది. తిరుగు ప్రయాణం పొడుగునా, ఉద్యోగం పోతే ఆయన నోటివల్లే పోయినట్టని మనసులో నూటొక్కసార్లు తిట్టుకున్నాను. ఆయన మాత్రం ఆటో దిగి, ఆరు అరటిపళ్లు కొని, నా ఒళ్లో పెట్టాడు.

బుధవారం ఆయన్ని లోపలికి రానివ్వలేదు. డాక్టరమ్మ నా భుజం మీదుగా తలుపు వైపు చూసి "మీ నాన్నగారేరీ?" అంది.

"బయట టీ కొట్టు దగ్గర కట్టేసి వచ్చాను మేడం."

ఆమె నవ్వింది. బీపీ దిగింది. కాగితం రాస్తూ జాగ్రత్తలు చెప్పింది: నడవ పక్క సీటు తీసుకో, బెల్టు పొట్ట మీద కాదు, పొట్ట కిందికి పెట్టుకో, అరగంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యి, నీళ్లు తాగుతూ ఉండు, ఎయిర్‌పోర్టులో చక్రాల కుర్చీ అడుగు, సిగ్గుపడకు. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా బిగుతు మేజోళ్లు కూడా తొడుక్కోమంది.

ఆ మేజోళ్ల సంగతి చెప్పకపోతే పాపం తగులుతుంది. గురువారం పొద్దున అవి తొడగడానికి అవ్వ ఒక కాలు, వదిన ఒక కాలు పట్టుకున్నారు. వంగితే నాకు పొట్ట అడ్డం, లాగితే వాళ్లకు నవ్వు అడ్డం. మోకాలు దాటేసరికి ముగ్గురికీ చెమటలు పట్టాయి. "గిది తొడిగినంక నువ్వు ఫిట్టే, మేం అన్‌ఫిట్" అని వదిన మంచం మీద వెల్లకిలా పడిపోయింది.

కారు మాట్లాడుకొని బయల్దేరాం. ఐదు గంటల దారి. శంషాబాద్ చేరాక ముందే చెప్పి ఉంచిన చక్రాల కుర్చీ వచ్చింది, తోసే ఆమె నా ఈడుదే. నేను మహారాణిలా కూర్చున్నాను. బాపు భుజానికి సంచీ తగిలించుకొని పక్కన నడుస్తూ కబుర్లు చెప్పాడు. ఈ నేల మీద బువ్వ పోసుకొని తినచ్చట, ఈ కప్పు మోయడానికి, బాయిలో కప్పుకు ఆనించేలాంటి దిమ్మెలు ఎన్ని పట్టాయో అట. తనిఖీ దాటాక మా గేటు చాలా దూరమని తెలిసింది. పోతూనే ఉన్నాం. కాసేపటికి కబుర్లు ఆగాయి.

వెనక్కి చూస్తే బాపు దూరంగా ఒక గడియారాల ప్రకటన బొమ్మ ముందు నిలబడి చూస్తున్నాడు. "ఏందే, కొంటవా?" అని అరిచాను. చెయ్యి ఊపి వచ్చాడు. ఇంకొంచెం పోయాక మళ్లీ ఆగాడు, ఈసారి అత్తర్ల కొట్టు ముందు. నేను నవ్వాను. మూడోసారి ఆగిన చోట చూడ్డానికి ఏమీ లేదు, తెల్ల గోడ. గోడకు చెయ్యి ఆనించి ఉన్నాడు. భుజాలు పైకీ కిందికీ పోతున్నాయి. దగ్గుతున్నాడు, గట్టిగా కాదు, ఆపుకున్నట్టు.

కుర్చీ ఆపించి దిగాను. ఇది బోర్డు దగ్గే. నేను చుట్టాల ముందు అడిగి అడిగి దగ్గించిన దగ్గే. ఇక్కడ చూడడానికి బోర్డూ లేదు, చుట్టాలూ లేరు, ఎవరికీ చూపించాలని కూడా లేదాయనకు. ఆరేళ్లు ఆ మనిషిని ఆడించి నవ్వినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

"కూసో" అన్నాను కుర్చీ చూపించి.

"ఏందే, మంది సూస్తరు."

"సూడనీ. కూసుంటవా, అరవాల్నా?"

నేను అరుస్తానని ఆయనకు తెలుసు. సంచీ ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. ఎనిమిదో నెల పొట్టతో నేను నడుస్తుంటే, దర్జాగా కుర్చీలో ఆయన! ఎదురొచ్చిన ఒకావిడ ఆయన్ని కాల్చేసేలా చూసింది. "సీటు కాపలా గాస్తున్న అమ్మా, బిడ్డ మల్ల కూసుంటది" అని ఆమెకు సంజాయిషీ ఇచ్చుకున్నాడు, మాట మాటకూ ఊపిరి తీసుకుంటూ.

గేటు దగ్గరికి చేరేసరికి అందరూ ఎక్కుతున్నారు. అక్కడి అమ్మాయి నా కాగితం చదివింది, నా పొట్ట చూసింది, కుర్చీలో బాపును చూసింది.

"ఫిట్ సర్టిఫికెట్ మీది కదా మేడం? మరి సార్‌కి ఏమైంది? ఊపిరి అందుతున్నట్టు లేదు. మెడికల్ రూంలో చూపించి రావాలి. మీరు కావాలంటే ఎక్కేయండి."

మెడికల్ రూం మేం వచ్చిన దారిలో వెనక్కి ఉంది. పోయి వచ్చేసరికి విమానం ఉండదు. ఇంటర్వ్యూ మర్నాడు పొద్దున. మూడేళ్ల చదువు, దాటిపోయే వయసు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. కుర్చీ వైపు చూశాను. ఇక ఆలోచించడానికి ఏమీ కనపడలేదు.

"నేను ఎక్కను. పద బాపూ, సూపిచ్చుకుందాం" అన్నాను. వరుసలోంచి పక్కకు జరిగాను కూడా.

బాపు నా ముఖం చూశాడు. సంచీ కింద పెట్టి లేచాడు. చొక్కా సర్దుకొని నిటారుగా నిలబడ్డాడు.

"నాకేమైందమ్మా? నేను ఫిట్" అన్నాడు ఆ అమ్మాయితో. "ఇరవై తొమ్మిదేండ్లు బాయిల బొగ్గెత్తిన మనిషిని. మోకాలు పట్టేసిందని బిడ్డ బలిమికి కూసోవెట్టింది, గంతే. సూడు కావాల్నంటె." ఇంతా ఒక్క ఊపిరిలో అన్నాడు. మధ్యలో ఎక్కడా ఆగలేదు. నవ్వాడు కూడా. ఆ అమ్మాయి ఒక క్షణం తటపటాయించి, ఇద్దరి కాగితాలూ తీసుకొని పక్కకు జరిగింది. సంచీ భుజాన వేసుకొని నాకంటే ముందు నడిచాడు. విమానం తలుపు దాకా వెనక్కి తిరిగి చూడలేదు.

నేను ఆపలేదు. ఆపాల్సింది, ఆపలేదు. ఆ ఉద్యోగం వచ్చింది, దాని జీతంతోనే తర్వాత ఆయన్ని పెద్ద డాక్టరుకు చూపించాను, ఇప్పుడు ఇంట్లో గాలి మిషను పెట్టుకొని నా కూతురితో ఆడుకుంటున్నాడు. అయినా ఆనాడు ఆపనందుకు నన్ను నేను క్షమించుకోలేదు.

సీట్లో పడ్డాక చాలాసేపు కళ్లు మూసుకొని ఉన్నాడు. పెదాలు నల్లబడ్డాయి. నేను ఆయన చెయ్యి వదల్లేదు. విమానం పైకి లేచి సర్దుకున్నాక మెల్లగా రంగు తిరిగింది. అప్పుడు అడిగాను.

"బాపూ, బోర్డు ముందు ఏం జేసినవే?"

"ఏం జెయ్యలే బిడ్డా. మామూలుగ నిలవడ్డ." కాస్త ఆగి, ఊపిరి తీసుకొని, దొంగచూపు చూశాడు నావైపు. "ఆక్టింగ్ జేసుడు ఇయ్యాల్నే మొదలు. మంచిగ జేసిన్నా?"