రోమ్ వెళ్తున్న మా రైస్ కుక్కర్

ఈ రోజు మధ్యాహ్నం పక్కింటి స్రవంతి వచ్చింది. బడికి హాఫ్ టర్మ్ సెలవులిస్తే పిల్లలతో రోమ్ వెళ్తున్నారట. "అక్కా, ఏమేం చూడాలో మీకే బాగా తెలుసు, కాస్త ప్లాన్ వేసి పెట్టండి" అంది. ఎందుకు తెలియదూ? మూడేళ్ళుగా ఫోన్ మ్యాపులో రోమ్ నిండా చుక్కలు పెట్టుకుని కూర్చున్నాను. వాళ్ళకి బ్రిటిష్ పాస్‌పోర్టు వచ్చేసింది, వీసా గొడవ లేదు. నాది ఇంకా ఇండియన్‌దే. వీసా అపాయింట్‌మెంట్ దొరికితే ఒట్టు!

కడుపు మండుతున్నా టీ ఇచ్చి, ఏ పూట ఏది చూడాలో వరసగా చెబుతూ పోయాను. విని, "కొలోసియం లోపలికి కూడా వెళ్ళాలా అక్కా? బయట ఫొటో దిగితే చాలదూ?" అంది. సూర్యాస్తమయం బాగా కనబడే కొండ సంగతి అప్పుడే మింగేశాను.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది. "పిల్లలు అన్నం లేకపోతే ఉండలేరక్కా. మా కుక్కర్ సూట్‌కేసులో పట్టట్లేదు, మీ చిన్నది ఇస్తారా?"

ఇచ్చాను. కడిగి, తుడిచి మరీ ఇచ్చాను. దాన్నెవరూ వీసా అడగరు కదా!

మీకంటే ముందు యూరప్ చూసొచ్చిన సామాను మీ ఇంట్లోనూ ఉంటే చెప్పండి, నా కడుపుమంట కాస్త చల్లారుతుంది. వచ్చే వారమంతా నా కుక్కర్ రోమ్‌లో ఉంటుంది. నేనేమో ఇక్కడ ఇంగ్లండ్‌లో, నార్తాంప్టన్‌లో గిన్నె పెట్టుకుని గంజి వార్చుకుంటూ ఉంటాను.