ఇంటి కింద పంతొమ్మిదేళ్ళు

ఆస్ట్రేలియా ఉత్తరపు కొసనున్న మా దీవుల్లో భార్య అక్క పేరు పలకకూడదు. ఆవిడతో ఎదురెదురుగా కబుర్లాడటం కూడా పద్ధతి కాదు. అందుకని ఇందులో ఆవిడ పేరు ఉండదు, వదిన అనే రాస్తాను. పేరు కావలసినవాళ్ళు టేపు అట్ట మీద చూసుకోండి, పెద్ద అక్షరాల్లోనే ఉంటుంది.

ఆ టేపు ఇరవై ఏళ్ళ పైమాట. థర్స్‌డే ఐలండ్ చర్చి హాల్లో వదినా, ఆవిడ తమ్ముడూ కూర్చుని పాడారు. ముత్యపుచిప్పల పడవల పాటలు, తాబేళ్ళ వేట పాటలు. రేకుల మీద వాన చప్పుడూ, మూడో పాట మధ్యలో ఎవరిదో కుక్క అరుపూ కూడా అందులో పడ్డాయి. అమ్ముడుపోయినవి కొన్నే. కానీ ఒకరి దగ్గర ఒకరు ఎక్కించుకుని, డార్విన్ దాకా, మెల్‌బోర్న్ దాకా పాకించారు. మూడో పాటలో సరిగ్గా ఆ చోటికి రాగానే భౌ మనడం ఆ పాటల పిచ్చివాళ్ళకి ఒక ఆచారం.

మరుసటేడు ఆగ్నేయపు గాలికి పడవ తిరగబడి బావమరిది పోయాడు. "వాడి రాయి తెరిచేదాకా పాడను" అంది వదిన. మాలో సమాధి రాయి మీద కప్పిన గుడ్డలు అందరి ముందూ తీసి, రాయి తెరిచిన రోజుతో దుఃఖం తీరిపోతుంది. ఆ పూట విందు, ఆట, పాట. మామూలుగా ఏడాదో రెండేళ్ళో పడుతుంది. మా ఇంట్లో పంతొమ్మిదేళ్ళు పట్టింది.

అన్నాళ్ళూ వదిన ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసింది. కూనిరాగం కూడా లేదు. ఎక్కడెక్కడి నుంచో ఆవిణ్ణి వెతుక్కుంటూ వచ్చేవాళ్ళకి, "ఆ పాటలావిడా? ఎప్పుడో పోయింది పాపం" అని తనే చెప్పి, రేవుకి దారి చూపించేది.

ఇక నా నిర్వాకం. చనిపోయినవాడి పనులన్నీ ఆ ఇంటి అల్లుళ్ళే చెయ్యాలి. తోబుట్టువులు రాయిని ముందుగా చూడకూడదు, అది వచ్చిందా లేదా అన్న ఊసెత్తకూడదు. నేను మొదటి ఏడే కెయిర్న్స్‌లో రాయి చెక్కించి తెప్పించాను. స్తంభాల మీద కట్టిన ఇల్లు కదా, ఇంటి కింద టార్పాలిన్ చుట్టి పడుకోబెట్టాను. కోళ్ళు దాని మీదే గుడ్లు పెట్టుకునేవి. మా ఆవిడ సెల్మా దాని పక్కగా వెళ్తే ముఖం తిప్పుకునేది. ఎందుకు ఆగానంటే, ఏడుపు తీరిందని వదిన కబురు పెట్టాలి కదా! ఏడుస్తున్న మనిషిని 'ఇంకా అవలేదా' అని అడిగేంత సిగ్గులేనివాణ్ణా నేను?

పోయినేడు కెజియా అని మా దీవి పిల్లే, కెయిర్న్స్‌లో పుట్టి పెరిగింది, వదిన చేత కొత్త ఆల్బం పాడించాలని వచ్చి దిగింది. ఎవరితో ఏం మాట్లాడకూడదో ఆ పిల్లకి తెలియదు. రేవులో పడవ ఇంజను విప్పుకుంటుంటే నా నెత్తి మీదకొచ్చి నిలబడింది.

"బాబాయ్, ఆ రాయి ఎప్పుడు తెరుస్తావ్?"

"మీ పెద్దమ్మ ఎప్పుడంటే అప్పుడే."

"బావుంది! ఆవిడేమో నువ్వెప్పుడంటే అప్పుడేనంటోంది."

చేతిలో స్పానర్ జారి నీళ్ళలో పడింది.

"ఏమందీ?"

"నీకింకా రాయి కుదరలేదేమోనట. అడిగితే నొచ్చుకుంటావని ఊరుకుందట. రాయి మీద కప్పే గుడ్డలు పెట్టెలో దాచుకుని ఏటా ఎండబెడుతోంది, తెలుసా నీకు?"

ఇంటికి పరుగెత్తి చెప్తే సెల్మా ఏడుస్తూనే నవ్వింది.

"అడగందే అమ్మైనా పెట్టదు. నీకో నోరూ, మా అక్కకో నోరూ ఉండి ఏం లాభమయ్యా?"

"నువ్వైనా చెప్పొచ్చుగా!"

"నేను తోబుట్టువుని. నేనెలా చెప్తాను?"

ముందు సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తర్వాత ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఇన్నేళ్ళూ వదిన దుఃఖమనుకుని నేను భయపడుతున్నది వట్టి మర్యాద!

ఆగస్టులో రాయి నిలబెట్టాం. చుట్టాలు ఒక్కొక్క గుడ్డే తీశారు, ఆఖరిది వదిన తీసింది. ఎంత తోమినా ఒక మూల కోళ్ళ మరక పోలేదు. అది చూసి వదిన చేత్తో తడిమింది.

విందయ్యాక లేచింది. టేపులోని మూడో పాటే ఎత్తుకుంది. గొంతు ముదిరింది, కాస్త కిందికి దిగింది, అయినా ఆ గొంతే. మొదటి చరణం చివర తమ్ముడు అందుకోవలసిన చోట అలవాటుగా ఆగింది. ఆ ఖాళీలో ఈవిడ కూలబడిపోతుందనుకున్నాను.

ఖాళీ ఎక్కడ? కొబ్బరిపాలలో ఉడికిన కర్రపెండలం పళ్ళేల ముందు కూర్చున్న నర్సులూ, పడవవాళ్ళూ, కెయిర్న్స్ చుట్టాలూ, అందరూ రెండో గొంతు ఎత్తారు. టేపు అరిగిపోయేలా విన్నవాళ్ళు, వాడి పాట ఒక్క మెలిక పోకుండా వచ్చు వాళ్ళకి. వెనక వరసలో ఎవడో సరిగ్గా సమయానికి భౌ మన్నాడు. వదిన పాట ఆపేసి, పొట్ట పట్టుకుని నవ్వింది. నేను ఏడ్చాను, దాచుకోవడమెందుకు.

ఆల్బం కూడా కెజియా ఆ హాల్లోనే, ఆ జనాన్నే కూర్చోబెట్టి చేసింది. రెండో గొంతు ఎవరిదని అట్ట మీద వెయ్యాలో అడిగితే, "మా తమ్ముడిదే" అంది వదిన.

మొదటి కాపీ వదిన సెల్మా చేత పంపుతుందనుకున్నాను. తనే మా మెట్లెక్కి వచ్చింది. నా పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి నా ముఖం చూసి మాట్లాడింది.

"ఏమయ్యా, ఇంటి కింద ఇంకేమైనా ఉన్నాయా?"

"లేవు వదినా. కోళ్ళే."